హల్ ఊరి లెఫ్టినెంట్ హెల్మర్ ఎలా చనిపోయారు? ఏ కాగితాలు చూడాలి?

గౌరి_గాటినో
అక్టోబర్ 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఆరేళ్లుగా కెనడాలో, గాటినోలో ఉంటున్నాం. మా పేటని హల్ అంటారు. ఒకప్పుడు వేరే ఊరు, 2002లో గాటినోలో కలిపేశారు. నది దాటితే ఒట్టావా.

మా అబ్బాయి ఆరో తరగతి. నవంబర్ 11న రిమెంబరెన్స్ డే, అంటే యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే రోజు, వస్తోంది కదా, ఒక్కొక్కరు ఒక్కో సైనికుడి గురించి రాసి తీసుకురావాలని వాళ్ల టీచర్ చెప్పారు. మావాడు లెఫ్టినెంట్ అలెక్సిస్ హెల్మర్‌ని ఎంచుకున్నాడు. "మన హల్‌లోనే పుట్టాడమ్మా" అన్నది వాడి కారణం. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా ఫిరంగి దళంలో పనిచేసి, 1915 మే 2న బెల్జియంలో ఈప్ర్ దగ్గర చనిపోయారు. ఇక్కడ బడి పిల్లలందరూ అప్పజెప్పే 'ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్' పద్యం ఈయన చనిపోయాకే పుట్టింది. రాసింది ఈయన స్నేహితుడు, డాక్టర్ జాన్ మెక్రే.

మెక్రే గురించి ఎంత కావాలంటే అంత దొరుకుతోంది. హెల్మర్ దగ్గరికి వచ్చేసరికి అవే నాలుగు వాక్యాలు. అవి కూడా ఒకదానికొకటి కుదరడం లేదు. ఒకచోట "ఫిరంగుల దగ్గర చనిపోయాడు" అని ఉంది. ఇంకోచోట "డగౌట్‌లోంచి బయటికి రాగానే షెల్ నేరుగా మీద పడింది" అని ఉంది. డగౌట్ అంటే సైనికులు దాక్కునేందుకు నేలలో తవ్విన గుంట. ఏది రాయాలి?

నిన్న రాత్రి అన్నం తింటూ మావాడు అడిగాడు: "పద్యం నిండా సమాధులే కదా, మరి ఆయన సమాధి ఏది?" నా దగ్గర జవాబు లేదు. వార్ డైరీలు, అంటే ఒక్కో దళం ఏ రోజుకారోజు రాసిన రికార్డులు, ఆన్‌లైన్‌లో ఉంటాయని ఎవరో చెబితే '1వ బ్రిగేడ్' అని వెతికి రెండు గంటలు చదివాను. అందులో ఫిరంగుల ఊసే లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

పాతకాగితాలు
అక్టోబర్ 11, రాత్రి 11:05

గౌరి గారూ, మీరు చేసిన పొరపాటు దాదాపు అందరూ చేసేదే. మీరు చదివింది 1వ ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్ (కాల్బలం) డైరీ అయి ఉంటుంది. హెల్మర్ ఉన్నది కెనడియన్ ఫీల్డ్ ఆర్టిలరీ 1వ బ్రిగేడ్, అందులో 2వ బ్యాటరీ (కొన్ని ఫిరంగుల జట్టు). రెండూ వేరు వేరు యూనిట్లు, డైరీలు కూడా వేరు. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైట్‌లో 'ఫీల్డ్ ఆర్టిలరీ' అన్న మాట చేర్చి వెతకండి.

ఇంకో మాట. మామూలు సిపాయి అయితే సర్వీస్ నంబర్‌తో వెతకడం తేలిక. ఒకే పేరుతో పది మంది ఉన్నా నంబర్ ఒక్కడిదే. కానీ ఆ యుద్ధంలో కెనడా ఆఫీసర్లకి నంబర్లు లేవు. కాబట్టి హెల్మర్‌ని పూర్తి పేరుతోనే వెతకాలి: అలెక్సిస్ హానమ్ హెల్మర్. సిపాయిలు చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితాన్ని అటెస్టేషన్ పేపర్ అంటారు. ఆఫీసర్లది వేరే ఫారం, డిక్లరేషన్ పేపర్. అది చూసి "ఇది వేరే కాగితమేమో" అని పక్కన పెట్టేయకండి.

మొదటి యుద్ధంలో కెనడా తరఫున చేరిన ఆరు లక్షల పైచిలుకు మంది ఫైళ్లన్నీ స్కాన్ చేసి 2018కల్లా ఉచితంగా పెట్టేశారు. ఈ పని చేసినవాళ్లకి నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. పల్లెటూరి వ్యవసాయ కూలీ ఫైలు కూడా, జనరల్ కొడుకు ఫైలు కూడా ఒకే వరసలో ఉంటాయి.

నేను చూసే వరస చెబుతాను. ముందు సర్వీస్ ఫైలు. తర్వాత 'సర్కమ్‌స్టాన్సెస్ ఆఫ్ డెత్' రిజిస్టర్, అందులో ఎలా చనిపోయారో ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది, కొన్నిసార్లు ఒక్క మాటే. ఆ తర్వాత యూనిట్ వార్ డైరీ. చివరగా కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, అంటే యుద్ధ సమాధులు చూసుకునే సంస్థ రికార్డు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మొద్దు, ఏదీ కొట్టిపారేయొద్దు.

శారద_టీచర్
అక్టోబర్ 12, ఉదయం 7:18

గౌరీ, మీ బాబు ప్రశ్న చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. పన్నెండేళ్లు కూడా లేని పిల్లాడికి సమాధి ఏదని అడగాలనిపించిందంటే వాడు పద్యం బట్టీ పట్టలేదు, చదివాడు.

ఇదే చర్చలో నాదీ ఒకటి అడగొచ్చా? మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. ఆవిడ చిన్నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో గన్నర్. 1943 డిసెంబర్‌లో ఇటలీలో చనిపోయారని మాత్రమే తెలుసు. ఆయన ఫోటో ఒకటి గోడకి ఉంది, అంతకుమించి ఇంట్లో ఏమీ లేదు. ఆవిడకి కంప్యూటర్ రాదు. నేను వెతకొచ్చా, లేక ఇంటివాళ్లే అడగాలా?

పాతకాగితాలు
అక్టోబర్ 12, ఉదయం 8:50

శారద గారూ, నిరభ్యంతరంగా వెతకొచ్చు. రెండో యుద్ధంలో పనిచేసి ఇంటికి తిరిగి వచ్చినవాళ్ల ఫైళ్లకి ఇంకా ఆంక్షలున్నాయి. కానీ యుద్ధంలో చనిపోయినవాళ్ల ఫైళ్లు ఎవరైనా చూడొచ్చు. 1939 నుంచి 1947 వరకు మరణించిన వారివి విడిగా ఒక సేకరణగా పెట్టారు. మొదటి యుద్ధం ఫైళ్లకంటే ఇవి చాలా లావుగా ఉంటాయి. చేరేటప్పుడు ఇచ్చిన ఇంటర్వ్యూ, డాక్టర్ల కాగితాలు, వీలునామా, ఇంటికి పంపిన వస్తువుల జాబితా, తల్లిదండ్రులతో నడిచిన ఉత్తరాలు, అన్నీ ఉండొచ్చు.

1943 డిసెంబర్, ఇటలీ అంటే నేనైతే ముందు ఓర్టోనా పక్కన మోరో రివర్ కెనడియన్ యుద్ధ సమాధుల జాబితా చూస్తాను. మోరో నది, ఓర్టోనా పోరాటాల్లో పోయిన కెనడా సైనికుల్లో చాలామంది అక్కడే ఉన్నారు.

కాగితాల్లో మూడు మాటలు గమనించండి. 'కిల్డ్ ఇన్ యాక్షన్' అంటే అక్కడికక్కడే పోయారని. 'డైడ్ ఆఫ్ వూండ్స్' అంటే గాయపడి, ఆ గాయాలతో తర్వాత పోయారని. ఉత్త 'డైడ్' అని ఉంటే జబ్బో, ప్రమాదమో. సమాధి ఎక్కడుందో చూసినా కొంత తెలిసిపోతుంది. గాయాలతో పోయినవాళ్లు ఎక్కువగా ఆసుపత్రుల పక్కన ఉన్న శ్మశానాల్లో ఉంటారు. మెక్రేనే చూడండి. 1918 జనవరి 28న ఫ్రాన్స్‌లో న్యుమోనియాతో పోయారు, సముద్రం ఒడ్డున విమెరూలో సమాధి చేశారు. ఆ చుట్టుపక్కలంతా సైనిక ఆసుపత్రులే. అక్కడిది ఇసుక నేల కాబట్టి రాళ్లు నిలబెట్టకుండా పడుకోబెట్టారు.

గోల్కొండ_గన్నర్
అక్టోబర్ 12, రాత్రి 8:31

అమ్మా గౌరీ, నేను ఇండియన్ ఆర్మీ ఆర్టిలరీలో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ట్రైనింగ్ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో. ఇప్పుడు మెహదీపట్నంలో ఉంటున్నాను. నేను పనిచేసిన తోపులు వేరు, కాలం వేరు. కానీ గన్నర్ జీవితం పెద్దగా మారదు, అందుకని రాస్తున్నాను.

ముందు బ్రిగేడ్ సంగతి. ఆ కాలంలో ఫిరంగి దళంలో బ్రిగేడ్ అంటే ఇప్పటి మా రెజిమెంట్ లాంటిది. ఒక లెఫ్టినెంట్ కల్నల్ కింద కొన్ని బ్యాటరీలు. వేల మంది ఉండే ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్‌తో దీనికి సంబంధం లేదు. అందుకే నీకు ఫిరంగుల ఊసు దొరకలేదు.

వాళ్ల తోపు 18 పౌండర్. గుండు బరువు ఎనిమిది కిలోల పైన. ఆ రోజుల్లో దాని రేంజ్ ఆరు కిలోమీటర్లు. అంత దూరం కొట్టాలంటే ముందు వరసకి దగ్గరగానే ఉండాలి. పైగా ఈప్ర్ దగ్గర మిత్రదళాల రక్షణ గీత ముందుకి పొడుచుకొచ్చి ఉండేది, మూడు వైపులా శత్రువే. ముందు నుంచే కాదు, పక్కల నుంచి కూడా గుండ్లు వచ్చి పడతాయి. తోపు పేలితే మెరుపు కనబడుతుంది, పొగ కనబడుతుంది. ఎదుటివాడి గన్నర్ మొదట వెతికేది మన తోపునే. దీన్ని కౌంటర్ బ్యాటరీ అంటాం. నా సర్వీసులో నేను ఎక్కువ భయపడింది దానికే.

ఇక నీ అసలు ప్రశ్న. "ఫిరంగుల దగ్గర" అన్నదీ, "డగౌట్ బయట" అన్నదీ రెండూ కుదురుతాయమ్మా. మా భాషలో గన్ పొజిషన్ అంటే ఒక్క తోపు నిలబెట్టిన చోటు కాదు. తోపులు, గుండ్లు దాచిన గుంటలు, ఆఫీసర్ ఉండే గొయ్యి, గన్నర్లు పడుకునే గుంటలు, అన్నీ కలిపితేనే గన్ పొజిషన్. డగౌట్ నుంచి తోపుకి నడిస్తే ముప్పై అడుగులో, యాభై అడుగులో. ఆ మధ్యలో షెల్ పడితే మావాళ్లు "గన్స్ మీద పోయాడు" అనే రాస్తారు. ఇంట్లో పోలేదు, పారిపోతూ పోలేదు, డ్యూటీ మీద పోయాడు అని దాని అర్థం. మీ బాబుని రెండూ రాయమను.

గౌరి_గాటినో
అక్టోబర్ 13, రాత్రి 10:12

సుబేదార్ గారూ (ర్యాంక్ తప్పయితే క్షమించండి), మీ ఉత్తరం మావాడికి మూడుసార్లు చదివి వినిపించాను. వాడు హాల్లో అడుగులు కొలుస్తూ సోఫా డగౌట్ అని, టీవీ తోపు అని నడిచి చూశాడు.

ఈసారి సరైన డైరీ దొరికింది. స్థలం, తేదీ, గంట, ఏం జరిగింది, రిమార్కులు అని గడులు గీసిన ఫారం. చేతిరాత మొదట అస్సలు అర్థం కాలేదు. ముందు తేదీల గడి ఒక్కటే పై నుంచి కిందికి చదివాను. దాంతో డైరీ రాసినాయన అంకెలు ఎలా వేస్తాడో, ఏ అక్షరం ఎలా తిప్పుతాడో మెల్లగా పట్టుబడింది.

ఇప్పటివరకు మేం రాసుకున్నది: పుట్టింది 1892 జూన్ 29, హల్‌లో. తండ్రి రిచర్డ్ హెల్మర్, ఒకప్పుడు హల్ మేయర్, తర్వాత బ్రిగేడియర్ జనరల్. కొడుకు మెగిల్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు ఈప్ర్ దగ్గర క్లోరిన్ గ్యాస్ వదిలారు. కెనడా దళం పక్కనున్న ఫ్రెంచ్ వాళ్ల గీత కూలిపోయింది. అక్కడి నుంచి హెల్మర్ వాళ్ల బ్రిగేడ్ కాలవ గట్టు పక్కన పదిహేడు రోజులు విరామం లేకుండా ఫిరంగులు పేల్చింది. ఆ రోజుల్లోనే మే 2. ఇరవై మూడో పుట్టినరోజుకి ఇంకా రెండు నెలలు కూడా లేదు.

సివిల్ ఇంజనీర్ అనగానే మావారు మౌనంగా అయిపోయారు. ఆయనదీ అదే చదువు.

పాతకాగితాలు
అక్టోబర్ 13, రాత్రి 11:40

చాలా బాగా చేశారు. ఇప్పుడు ఒక ముఖ్యమైన కాగితం చెబుతాను. మెక్రే ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరాలు ఆయన పోయాక, 1919లో ఆయన పద్యాల పుస్తకంలో అచ్చయ్యాయి. మే 2 తేదీ కింద దీని గురించి కొన్ని చిన్న వాక్యాలున్నాయి. వాటి సారం ఇది: పొద్దున మళ్లీ ఫిరంగుల జోరు. లెఫ్టినెంట్ హెచ్ తోపుల దగ్గర చనిపోయాడు. అతని డైరీలో చివరి మాటలు, "కాస్త సద్దుమణిగింది, మంచి నిద్ర పోవడానికి ప్రయత్నిస్తాను." అంత్యక్రియల ప్రార్థన నాకు గుర్తున్నంత వరకు నేనే చదివాను.

అచ్చులో పేరు లేదు, హెచ్ అన్న అక్షరం, పక్కన ఒక గీత, అంతే. అప్పట్లో అలాగే వేసేవారు. ఒక్క అక్షరం చూసి ఫలానా మనిషి అని తేల్చేయకూడదు. తేదీ, బ్రిగేడ్, సమాధుల కమిషన్ రికార్డు మూడూ సరిపోయాయా అని చూడాలి. హెల్మర్ విషయంలో సరిపోతున్నాయి.

మెక్రే అక్కడ ఉత్త డాక్టర్‌గా లేరు. ఫిరంగి బ్రిగేడ్‌లో మేజర్, బ్రిగేడ్ సర్జన్. అంతకుముందు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో ఆయన ఫిరంగి దళంలోనే పోరాడారు. మెగిల్‌లో పాఠాలు చెప్పేవారు, హెల్మర్ చదివిందీ అక్కడే. ఆ రోజు పాదిరీ అందుబాటులో లేరు, అందుకే ప్రార్థన ఈయన చదవాల్సి వచ్చింది. షెల్ నేరుగా తగిలింది కాబట్టి ఖననం గురించి బాధాకరమైన వివరాలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. మీ బాబు వయసుకి అవి అక్కర్లేదు. చీకటి పడ్డాక, దీపం వెలిగించకుండా చేశారన్నంత వరకు చాలు.

శారద_టీచర్
అక్టోబర్ 14, ఉదయం 6:55

"మంచి నిద్ర పోవడానికి ప్రయత్నిస్తాను." నేను ఈ రోజంతా ఈ మాట మోస్తూ తిరుగుతాను.

మాధవరం_మనవడు
అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:20

అందరికీ నమస్తే. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే తెలుస్తుంది. తరతరాలుగా మా ఊళ్లో ఇంటికొకరు ఫౌజుకి వెళ్లినవాళ్లే. మా ముత్తాత తమ్ముడు మొదటి యుద్ధంలో మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లో చెప్పుకునే మాట అదొక్కటే, "బస్రా పోయాడు". కెనడా సిపాయికి ఇన్ని కాగితాలున్నాయని చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మావాడి పేరు ఎక్కడైనా ఉంటుందా?

పాతకాగితాలు
అక్టోబర్ 14, సాయంత్రం 6:02

తమ్ముడూ, ఉండే అవకాశం ఉంది, వెతుకుదాం. కానీ ఒక నిజం ముందే చెప్పాలి. బస్రా స్మారకం మీద 40 వేల మందికి పైగా సమాధి తెలియని సైనికుల లెక్క ఉంది. అక్కడ బ్రిటిష్ సైనికుల పేర్లు, ఇండియన్ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. ఇండియన్ సిపాయిల పేర్లు చెక్కలేదు. ఫలానా పటాలం, ఇంతమంది అని సంఖ్య మాత్రం వేశారు. ఈ అసమానత నిజమేనని సమాధుల కమిషన్ తానే 2021లో ఒక నివేదికలో ఒప్పుకుంది.

అదే ఈప్ర్‌లో మెనిన్ గేట్ (సమాధి తెలియని సైనికుల పేర్లు చెక్కిన స్మారక ద్వారం) మీద ఇండియన్ సిపాయిల పేర్లు కెనడావాళ్లతో పాటే చెక్కి ఉన్నాయి. గౌరి గారి అబ్బాయికి ఇది కూడా చెప్పాలి. హెల్మర్ వాళ్లు తోపులు పేలుస్తున్న అదే పోరాటంలోకి ఏప్రిల్ 26న మన లాహోర్ డివిజన్ దిగింది. ఆ రోజే జమాదార్ మీర్ దస్త్‌కి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ తెచ్చిన పోరాటం జరిగింది.

రాయి మీద లేకపోయినా కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ సిపాయిల పేర్లున్నాయి. చాలా వాటికి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా రాశారు. ఆనాటి ఇంగ్లిష్ గుమస్తాలు మన పేర్లు విన్నట్టు రాసుకున్నారు. సుబ్బయ్యని పది రకాలుగా రాస్తారు. ఊరు పేరు కూడా అంతే, జిల్లా కూడా ఇప్పటిది కాకుండా అప్పటిది వేయాలి. గోదావరి, కిష్ణా రెండూ చూడండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పటాలం పేరు, ఆయన తండ్రి పేరు పట్టుకోండి.

గౌరి_గాటినో
అక్టోబర్ 15, రాత్రి 9:15

సమాధి సంగతి తేలింది. మావాడికి చెప్పాల్సిన జవాబు ఇదే కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

హెల్మర్‌ని ఆ రాత్రి వైద్య శిబిరం పక్కనున్న చిన్న శ్మశానంలో పాతిపెట్టారు, కొయ్య శిలువ పెట్టారు. ఇప్పుడు ఆ చోటుని ఎసెక్స్ ఫార్మ్ అంటారు. కానీ ఆ తర్వాత మూడేళ్లకి పైగా యుద్ధం అక్కడే తిరిగింది. అదే నేల మీద మళ్లీ మళ్లీ గుండ్లు పడ్డాయి. యుద్ధం అయిపోయేసరికి ఆయన సమాధి ఆనవాలు లేకుండా పోయింది. అందుకే ఆయన పేరు మెనిన్ గేట్ మీద ఉంది, పదో ఫలకం. సమాధి తెలియని 54 వేల మందికి పైగా పేర్లలో ఒకటి.

అంటే ఏ సమాధి చూసి ఆ పద్యం పుట్టిందో ఆ సమాధే లేదు. నేను చెప్పగానే మావాడు పెన్ను కింద పెట్టేశాడు. తర్వాత చాలాసేపటికి, "అయితే ఆ పద్యమే ఆయనకి రాయి అనుకోవచ్చా?" అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఐండ్‌హోవెన్_నాని
అక్టోబర్ 16, సాయంత్రం 5:44

అక్కా, నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. ఐండ్‌హోవెన్ నుంచి ఈప్ర్ కారులో రెండున్నర మూడు గంటలు. ఈ శనివారం ఖాళీయే. వెళ్లి ఆ ఫలకం చూసి ఫోటో తీసి పెడతాను. బాబు అక్కడ ఏం చూడమంటాడో అడిగి చెప్పు.

గౌరి_గాటినో
అక్టోబర్ 16, సాయంత్రం 6:30

నానీ, ఏం చెప్పాలో తెలియడం లేదు తమ్ముడూ. వాడు అడిగింది రెండు. ఆయన పేరు చేతికి అందేంత ఎత్తులో ఉందా? కాలవలో ఇప్పుడు నీళ్లున్నాయా?

శారద_టీచర్
అక్టోబర్ 17, రాత్రి 8:09

మా పక్కింటావిడ చిన్నాన్న ఫైలు దొరికింది. మోరో రివర్‌లోనే ఉన్నారు. పాతకాగితాలు గారి ఊహ నిజమైంది. 'కిల్డ్ ఇన్ యాక్షన్' అని ఉంది. ఇంటికి పంపిన వస్తువుల జాబితా నేనే చదివి వినిపించాను. పర్సు, ప్రార్థన పుస్తకం, ఫోటోలు, ఫౌంటెన్ పెన్ను. పెన్ను అనగానే ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. చిన్నప్పటి నుంచి సొరుగులో ఉన్న నల్ల పెన్ను ఒకటి తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. అది ఎవరిదో ఇన్నేళ్లు ఆవిడకి తెలియదు. అదే ఇదని మేం ఏ కాగితంతోనూ రుజువు చేయలేం. ఆవిడ మాత్రం దాన్ని ఫోటో కింద పెట్టుకున్నారు.

ఐండ్‌హోవెన్_నాని
అక్టోబర్ 18, రాత్రి 11:58

ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఫోటోలు కింద పెట్టాను.

ముందు ఎసెక్స్ ఫార్మ్ వెళ్లాను. ఊరికి ఉత్తరంగా, రోడ్డు పక్కనే. వెనకే కాలవ గట్టు. నీళ్లున్నాయి బాబూ, నిండుగా, కదలకుండా ఉన్నాయి. శ్మశానంలో దాదాపు 1,200 సమాధులున్నాయి. పక్కన గట్టులోకి కట్టిన కాంక్రీట్ గదులున్నాయి. వచ్చినవాళ్లందరూ అందులోకి తొంగి చూసి మెక్రే ఇక్కడే పనిచేశాడని చెప్పుకుంటున్నారు. కానీ ఆ కాంక్రీట్ తర్వాత కట్టింది. 1915లో ఉన్నవి గట్టులో తవ్విన మట్టి గుంటలే. బాబు ప్రాజెక్ట్‌లో కాంక్రీట్ బొమ్మ వేయొద్దని చెప్పు అక్కా.

సాయంత్రం మెనిన్ గేట్. లోపల నిలబడితే నాలుగు వైపులా పేర్లే, తల ఎత్తి తిప్పితే మెడ నొప్పి పుడుతుంది. ఆర్టిలరీ పేర్లు ఎక్కడున్నాయో వెతుక్కుని పదో ఫలకం దగ్గరికి వెళ్లాను. ఇంటిపేరు ముందు, తర్వాత పొడి అక్షరాలు: హెల్మర్ ఏ. హెచ్. నా చేతికి అందలేదు. నా ఎత్తు అయిదడుగుల ఎనిమిది.

ఎనిమిదింటికి పోలీసులు రోడ్డు మీద బళ్లు ఆపేశారు. బూరలు పట్టుకున్నవాళ్లు వచ్చి లాస్ట్ పోస్ట్, అంటే చనిపోయిన సైనికులకి వాయించే వీడ్కోలు బాణీ, వాయించారు. 1928లో మొదలుపెట్టారు, 1929 నుంచి ప్రతి రాత్రీ ఇదే జరుగుతోంది, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్న ఆ నాలుగేళ్లు తప్ప. అంతమంది జనంలో ఒక్క దగ్గు కూడా వినబడలేదు. నేను మనసులో హెల్మర్ పేరు అనుకున్నాను. తర్వాత బయట పచ్చిక మీదున్న మన ఇండియన్ స్మారకం దగ్గరికి వెళ్లి మాధవరం అన్న ముత్తాత తమ్ముడిని తలుచుకున్నాను. ఆయన ఇక్కడ పోరాడలేదని తెలుసు. అయినా తలుచుకోవాలనిపించింది.

మాధవరం_మనవడు
అక్టోబర్ 19, ఉదయం 9:20

నానీ, నీ పోస్ట్ మా నాన్నకి చదివాను. నూరేళ్లలో మావాడిని ఊరు దాటి తలుచుకున్న మొదటివాడివి నువ్వే అన్నారు.

గౌరి_గాటినో
అక్టోబర్ 19, రాత్రి 9:50

నానీ, నువ్వు రాసింది చదివి మావాడు కుర్చీ ఎక్కి గోడ మీద ఆ ఎత్తులో పెన్సిల్‌తో పేరు రాశాడు. చెరపమని చెప్పలేదు.

ఈ రోజు ఆదివారం కదా, వంతెన దాటి ఒట్టావా పార్లమెంట్‌కి కూడా వెళ్లాం. స్మృతి గ్రంథాల్లో కెనడా యుద్ధ మృతుల పేర్లన్నీ చేతితో రాసి ఉన్నాయి. అవి మామూలుగా ఉండే పీస్ టవర్ భవనం రిపేర్లలో ఉంది కాబట్టి ఆ పుస్తకాలు సందర్శకుల కేంద్రంలో ఉంచారు. రోజూ పదకొండు గంటలకి ఒక పేజీ తిప్పుతారు. ఏడాదిలో ప్రతి పేరూ ఒక్కసారైనా తెరుచుకుంటుంది. హెల్మర్ పేజీ తెరిచే రోజు ఏదో చూసి క్యాలెండర్‌లో రాసుకున్నాం.

సుబేదార్ గారూ, మావాడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగమన్నాడు. వాడి మాటల్లోనే రాస్తున్నాను: "తాతగారూ, డైరీలో నిద్రపోవడానికి ప్రయత్నిస్తానని రాశారు కదా. ఆ రాత్రి ఆయన నిద్రపోయారా?"

గోల్కొండ_గన్నర్
అక్టోబర్ 20, ఉదయం 5:35

నాన్నా, నీ ప్రశ్న రాత్రే చూశాను. జవాబు రాయడానికి పొద్దున లేచాను.

తోపుల మోత పది రోజులు ఆగకుండా విన్నాక చెవుల్లో అది ఆగదు. అయినా ఒళ్లు అలసిపోయి ఉంటుంది. మోత తగ్గిన మొదటి రాత్రి మేము బూట్లు కూడా విప్పకుండా, గోడకి ఆనుకుని పడిపోయేవాళ్లం. తెల్లారి ఎవరో భుజం తట్టి లేపితేనే మెలకువ. డైరీ తీసి రెండు ముక్కలు రాసుకునేంత తీరిక దొరికిందంటే, పడుకునే తీరిక కూడా దొరికిందనే నేను అనుకుంటున్నాను. ఆయన ఆ రాత్రి నిద్రపోయి ఉంటారు నాన్నా. నీ ప్రాజెక్ట్‌లో ఇది రాయకు, దీనికి కాగితం లేదు.

మాధవరం_మనవడు
అక్టోబర్ 23, రాత్రి 7:47

పాతకాగితాలు అన్నా, ఆరు రకాల స్పెల్లింగులు వేసి చూశాను. బస్రా జాబితాలో మావాడి పేరుకి దగ్గరగా ఇద్దరు తగిలారు. ఇద్దరిదీ గోదావరి జిల్లానే. తండ్రుల పేర్లు వేరు. మా ముత్తాత నాన్న పేరు ఇంట్లో ఎవరికీ కచ్చితంగా గుర్తు లేదు. ఊళ్లో తొంభై దాటిన మేనత్త ఒకావిడ ఉన్నారు. రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నాను. ఏమేం అడగాలో చెబితే రాసుకుని వెళ్తాను.

పాతకాగితాలు
అక్టోబర్ 23, రాత్రి 8:15

పేర్లు అడగడంతో మొదలుపెట్టకు తమ్ముడూ. ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో ఎవరి తద్దినం ఎప్పుడు పెట్టేవారో అడుగు. తద్దినంలో మూడు తరాల పేర్లు చెబుతారు. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఆవిడని చెప్పనివ్వు.